ఇల్లు మూగబోయిన రాత్రి

2024 జూన్ నెలలో ఒక రాత్రి. కలకత్తా నగరానికి దక్షిణాన, బెహాలాలో, ఒక పాత భవనపు రెండవ అంతస్తులో ఎనభైయొక్క సంవత్సరాల వృద్ధుడొకరు నిద్రలేచి, పాదాలు నేలకు ఆనించి, దీపం వెలగడంకోసం వేచి ఉన్నారు. ఏడాదిన్నరగా ప్రతి రాత్రీ జరుగుతున్నది అదే. మంచపు కోటికి అమర్చిన అగ్గిపెట్టెంత పరికరం ఒకటి ఆయన కదలికను పసిగట్టేది. మరుక్షణం గదిలో ఒక మసక దీపం, ఆ వెనుక నడవాలో ఒకటి, స్నానాలగది తలుపుపైన ఇంకొకటి వరసగా వెలిగి ఆయనకు దారి చూపేవి. ఆ రాత్రి వాటిలో ఒక్కటీ వెలగలేదు.

ఆయన మా నాన్నగారు. గార్డెన్‌రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయంలో పనిచేసి విశ్రాంతి పొందారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంనుంచీ ఆ ఉద్యోగాలకోసం తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లోనూ కలకత్తాలోనూ అనేకం, మాదీ అటువంటిదే. (2001 నుంచి ఊరి పేరు కోల్‌కతా అయింది గాని, మా ఇళ్ళలో అది ఇంకా కలకత్తాయే.) నీటికాసుల వ్యాధి వల్ల నాన్నగారి పక్కచూపు చాలావరకు పోయింది. ఆ వయస్సులో చీకట్లో జారిపడి తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు. అమ్మ పోయిన తరువాత మా ఇంటికి రమ్మన్నాను, రానన్నారు. అందుచేత నగరం అవతలి కొసన, సాల్ట్‌లేక్‌లో ఉండే నేను, నా మనశ్శాంతికోసం ఆ దీపాల ఏర్పాటు చేయించాను.

ఆ ఏర్పాటులో ఒక షరతు ఉన్నది. ఇటువంటి దీపాలకు గోడమీది స్విచ్చి ఎప్పుడూ వేసే ఉండాలి. ఎవరైనా అలవాటు చొప్పున దాన్ని ఆర్పితే దీపానికి కరెంటే అందదు. ఇక అది ఎవరి ఆజ్ఞా వినలేదు. పనిమనిషి రెండు మూడుసార్లు ఆర్పేసిన మీదట, ఆ ఇంటి స్విచ్చులన్నింటిమీదా తెల్లని పట్టీలు అంటించి, ‘నొక్కవద్దు’ అని తెలుగులోనూ బెంగాలీలోనూ నా చేతితో నేనే రాసిపెట్టాను.

నాన్నగారు గోడ తడుముకుంటూ స్విచ్చుల పలక దాకా వెళ్ళారు. వేలికి పట్టీ తగిలింది. వెనక్కు వచ్చి మంచంమీద కూర్చున్నారు. కిటికీ చెక్కల సందులలోంచి వెలుతురు వచ్చేదాకా, సుమారు రెండున్నర గంటలసేపు, అలాగే కూర్చుని, ఆ తరువాత నాకు ఫోను చేశారు.

“నొక్కి చూడలేకపోయారా నాన్నగారూ?” అన్నాను, నా భయం కోపంగా మారి.

“నొక్కవద్దని నువ్వే రాశావు కదమ్మా” అన్నారు. ముప్ఫయి అయిదేళ్ళు రైల్వేలో పనిచేసిన మనిషి. బోర్డుమీద రాసినదాన్ని ధిక్కరించడం ఆయనకు చేతకాదు.

ఈ సంగతిలో నన్ను ఇప్పటికీ బాధించే విషయం మరొకటి ఉన్నది. అటువంటి దీపాలలో చాలా రకాలు, స్విచ్చి ఒకసారి ఆర్పి మళ్ళీ వేస్తే, ఎవరి ఆజ్ఞతోనూ నిమిత్తం లేకుండా మామూలు బల్బులాగానే వెలుగుతాయి. మా ఇంట్లోవీ ఆ రకమే. అంటే ఆ రాత్రికి కావలసిన పరిష్కారం నేనంటించిన పట్టీ కిందనే ఉన్నది. దాన్ని కొనేనాడు నాకా సంగతి తెలియదు, ఎవరూ చెప్పలేదు.

ఇంతకూ ఆ ఇల్లు ఎందుకు మూగబోయింది?

ఈ అమరికకు నడుమ ఉండే పెట్టెను ‘హబ్’ అంటారు. బండిచక్రంలో ఆకులన్నీ వచ్చి కుండలో చేరినట్టు, ఇంటిలోని దీపాలు, తలుపు తాళాలు, కదలికను కనిపెట్టే పరికరాలు అన్నీ వచ్చి దీనితో ముడిపడతాయి. దీపాలు మాట్లాడేది ఒక భాష, సాధారణంగా ‘జిగ్‌బీ’ అనే తక్కువ శక్తి రేడియో సంకేతం. ఇంటి ఇంటర్నెట్టు మాట్లాడేది మరొకటి. ఈ పెట్టె దుబాసీ వంటిది. నా వృత్తి అనువాదం కాబట్టి చెబుతున్నాను, దుబాసీ మౌనం వహిస్తే రెండు పక్షాలవారూ ఎంత బాగా మాట్లాడగలిగినా ప్రయోజనం ఉండదు. ఈ దుబాసీకి అప్పుడప్పుడు తయారీదారులు కొత్త పాఠం నేర్పుతుంటారు. ఆ పాఠం ఇంటర్నెట్టు ద్వారా, తరచు అర్ధరాత్రి దాటాక, యజమాని నిద్రలో ఉండగా వచ్చి చేరుతుంది. దానినే ‘అప్‌డేట్’ అంటున్నాము. మా ఇంటి పెట్టెకు ఆ రాత్రి ఒంటిగంట దాటాక అటువంటిదే వచ్చింది.

నేను బెహాలా చేరేసరికి పెట్టెమీద పసుపు దీపం మిణుకుమంటున్నది. ఫోనులోని అప్లికేషను ‘పరికరం అందుబాటులో లేదు’ అని ఒకే ముక్క పాడుతున్నది. కంపెనీ సహాయ కేంద్రానికి ఫోను చేస్తే, ముప్పావుగంట సంగీతం వినిపించిన తరువాత ఒక యువకుడు, పెట్టె వెనుక సూదిబెజ్జంలో పిన్ను గుచ్చి పది సెకన్లు నొక్కమన్నాడు. అలా చేస్తే పెట్టె తయారైననాటి స్థితికి వెళ్ళిపోతుంది.

పిన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా. ఎందుకో అనుమానం వచ్చి, పూర్వం నా కంప్యూటరు బాగుచేసిన చాందినీ చౌక్ మెకానిక్కును ఫోనులో పిలిచాను.

“దీదీ, ముందు ఆ పిన్ను పక్కన పెట్టండి” అన్నాడతను. “అది నొక్కితే పెట్టె అన్నీ మరిచిపోతుంది. పదకొండు దీపాలనూ ఒక్కొక్కటిగా మళ్ళీ పరిచయం చేయాలి. అంతా చేశాక కూడా జబ్బు అలాగే ఉండవచ్చు. ఆ పసుపు దీపం ఎలా మిణుకుతున్నదో గడియారం చూసి చెప్పండి.”

కూర్చుని చూశాను. పసుపు, కొంతసేపటికి నీలం, హఠాత్తుగా ఏమీ లేదు, మళ్ళీ పసుపు. నాలుగుసార్లు లెక్కపెట్టాను. ప్రతిసారీ నిమిషం ముప్పావు, కొంచెం అటూ ఇటూగా.

“అయితే అది చావలేదు. పుడుతూ చస్తూ ఉన్నది” అన్నాడు. “దాని కరెంటు అడాప్టరు ఎవరిది? పెట్టెతో వచ్చినదేనా?”

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. అంతకు నెలరోజుల ముందు, మే నెలలో, కాలవైశాఖి గాలివానలో పిడుగుపాటుకు పెట్టె తాలూకు అడాప్టరు కాలిపోయింది. బల్లసొరుగులో పాత ఫోను తాలూకుది ఒకటి కనబడితే, మూతి సరిపోయింది కదా అని తగిలించాను. పెట్టె లేచింది, దీపాలు వెలిగాయి. ఆ విషయం మరిచిపోయాను.

ఆ మధ్యాహ్నం రెండింటినీ సంచిలో వేసుకుని మెట్రోలో చాందినీ చౌక్ వెళ్ళాను. కలకత్తాను ఎరిగినవారికి ఆ బజారును వర్ణించనవసరం లేదు. ఎరగనివారికి ఇంతమాత్రం చెబుతాను: లోకంలో పాడైపోయిన ప్రతి విద్యుత్ వస్తువూ ఒకనాటికి అక్కడికి చేరుతుందని, దానికి కావలసిన మర ఏదో ఒక దుకాణంలో గుట్టకింద ఉండే ఉంటుందని ఆ ఊరివారి విశ్వాసం. మెకానిక్కు నా అడాప్టరును వేలెడంత మీటరుకు తగిలించి, దానిమీద బరువు పెట్టి చూశాడు. అయిదు వోల్టులు ఇవ్వవలసినది నాలుగున్నరకు లోపుగా పడిపోతున్నది. పెట్టె కిందనున్న చీటీ చూపించాడు: అయిదు వోల్టులు, రెండు ఆంపియర్లు. నా పాత అడాప్టరు మీద ఉన్నది ఒక్క ఆంపియరే.

“మరి నెలరోజులు ఎలా పనిచేసింది?” అని అడిగాను.

అతని వివరణ సారాంశం ఇది. పెట్టె మామూలుగా నడుస్తున్నప్పుడు వాడేది స్వల్పమైన కరెంటు. కాని నిద్రలేచే వేళ దానికి పని ఎక్కువ: జ్ఞాపకశక్తిని తనిఖీ చేసుకోవాలి, రేడియోలు తెరవాలి, పట్టికలు చదువుకోవాలి, అన్నీ ఒక్కసారే. మే నెలలో ఎలాగో ఒడ్డున పడ్డది. ఆ తరువాత ఇంట్లో ఇన్వర్టరు ఉండడం వల్ల కరెంటు పోయినా పెట్టె ఆరిపోలేదు కనుక, మళ్ళీ నిద్రలేవవలసిన అవసరమే కలగలేదు. ఈలోగా వేడికి అడాప్టరు మరికొంత నీరసించింది. అప్‌డేట్ రాగానే పెట్టె తనను తాను ఆర్పి వెలిగించుకోవలసి వచ్చింది; కొత్త పాఠంతో ఆ వేళ పని ఇంకా పెరిగింది. సగం లేచేసరికి వోల్టేజీ పడిపోవడం, లోపలి కాపలా సర్క్యూటు దాన్ని మళ్ళీ మొదటికి పంపడం. తెల్లవార్లూ అదే జరిగింది.

మనవారి కాకతాళీయ న్యాయం అందరికీ తెలిసినదే. కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకిదే నేరమని తీర్పు. పండు ఏనాడో ముగ్గి తొడిమ వదులుగా ఉన్నదని ఎవరూ పైకెక్కి చూడరు. అప్‌డేట్ తరువాత పాడైన పరికరాల విషయంలో కొంతవరకు ఇదే జరుగుతుంది. నెలల తరబడి తిరిగి ప్రారంభం కాని పెట్టెలో బలహీనమైన అడాప్టరు, ఇంటర్నెట్టు రౌటరు మార్చినప్పుడు మారిన చిరునామా వంటి లోపాలు చప్పుడు చేయకుండా పడి ఉంటాయి. కొత్త ప్రోగ్రాము వచ్చి దాన్ని లేపిననాడు అన్నీ ఒకేసారి బయటపడతాయి.

అందుకే వెతకవలసింది ముందు గొలుసులో ఏ లంకె తెగిందన్నది. ఈ గొలుసులో మూడు లంకెలు ఉన్నాయి: ఫోనుకూ పెట్టెకూ మధ్య ఒకటి, పెట్టెకూ కంపెనీవారి దూరపు కంప్యూటరుకూ మధ్య ఒకటి, పెట్టెకూ దీపాలకూ మధ్య ఒకటి. దీపాలు వాటంతట అవి వేళకు వెలుగుతూ ఫోనులో మాత్రం కనబడకపోతే మూడవ లంకె బాగున్నదన్నమాట. పెట్టెను తిట్టి లాభం లేదు. ఫోను ఇంటి వైఫైలో కాక అతిథులకోసం ఉంచిన వేరు వైఫైలో ఉండి ఉండవచ్చు. పెట్టె గడియారం తప్పినా చిక్కే: దూరపు కంప్యూటరు చూపే భద్రతా పత్రానికి గడువు తేదీ ఉంటుంది, తేదీ తెలియని పెట్టె దాన్ని నమ్మదు. 2021 సెప్టెంబరు 30న విస్తారంగా వాడుకలో ఉన్న ఒక మూలపత్రం గడువు తీరినప్పుడు, ప్రపంచమంతటా పాత పరికరాలు అనేకం, తమలో ఏ మరా చెడకుండానే, ఒక్కరోజులో వెలిపడ్డాయి.

మరొక జాగ్రత్త కూడా అతను చెప్పాడు. అప్‌డేట్ నడుస్తుండగా పెట్టె ప్లగ్గు పీకకూడదు. కొత్త పాఠం రాస్తూ ఉండగా కరెంటు పోతే, పాతదీ కొత్తదీ కాని సగం పాఠం మిగిలి, పెట్టె ఇటుకతో సమానమవుతుంది. మంచి తయారీదారులు పాత ప్రతిని ఒక పక్కన భద్రంగా ఉంచి, కొత్తది సరిగా లేవకపోతే పాతదానికి తిరిగిపోయే ఏర్పాటు చేస్తారు. అందరూ చేయరు.

సరైన అడాప్టరుతో పెట్టె ఆ సాయంత్రం నిలబడి నీలంగా వెలిగింది. కాని పదకొండు దీపాలలో పలికినవి ఆరే. తక్కినవాటిని తీసేసి మళ్ళీ చేర్చడానికి ఉపక్రమించబోయి, మెకానిక్కు మాట గుర్తుంచుకుని ఆగాను. ఈ దీపాలు సంకేతాన్ని ఒకదానికొకటి అందించుకుంటాయి. నిప్పంటుకున్న ఇంటికి జనం వరసగా నిలబడి నీళ్ళబిందెలు అందించుకున్నట్టు. వరసలో ఒక మనిషి లేకపోతే అవతలివాళ్ళకు బిందె చేరదు. ఉదయం నేను కంగారులో పట్టీలు పీకి ఆర్పిన రెండు స్విచ్చులు అలాగే ఉండిపోయాయి. వాటిని వేసి, ఇంకేమీ ముట్టుకోకుండా, నాన్నగారితో కలిసి భోంచేశాను. రాత్రి తొమ్మిదింటికి దీపాలన్నీ తమంతట తామే దారి వెతుక్కుని తిరిగి వచ్చాయి. మంచపు కోటి దగ్గరి పరికరం మాత్రం రాలేదు. రాత్రింబవళ్ళు పెట్టెకోసం వెతికి వెతికి దాని బిళ్ళ బ్యాటరీ అడుగంటినట్టున్నది. కొత్తది వేయగానే పలికింది.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి నేను తయారీదారుల పక్షం వహిస్తున్నానని పాఠకులు అనుకోకూడదు. పండు రాలడానికి నిజంగా కాకే కారణమైన సందర్భాలు తక్కువేమీ కావు. 2017 ఆగస్టులో అమెరికాలోని కొలరాడో రాష్ట్రానికి చెందిన లాక్‌స్టేట్ కంపెనీ, ఒక రకం తలుపు తాళానికి పంపవలసిన ప్రోగ్రామును పొరపాటున మరొక రకానికి పంపింది. సుమారు 500 తాళాలు అంకెల మీటలకు పలకడం మానేశాయి. అంతకంటె ఘోరం, అవి కంపెనీతో మాట్లాడే శక్తినే కోల్పోవడం వల్ల దూరంనుంచి సరిదిద్దే దారి కూడా మూసుకుపోయింది. తాళం వెనుకభాగం ఊడదీసి తపాలాలో పంపవలసి వచ్చింది. ఇనుప తాళంచెవి దగ్గర ఉన్నవారు మాత్రం ఇంట్లోకి వెళ్ళగలిగారు.

తప్పు జరగకపోయినా ఇల్లు మూగబోవచ్చు. రివాల్వ్ అనే హబ్‌ను 299 డాలర్లకు అమ్మారు. జీవితకాలపు సేవ ఉన్నదన్నారు. 2014లో నెస్ట్ సంస్థ ఆ కంపెనీని కొన్నది. 2016 మే 15న దూరపు కంప్యూటర్లను ఆపేసింది. ఎక్కడా చిన్న గీతైనా పడని పెట్టెలు ఆనాటితో పనికిరాకుండాపోయాయి. ‘జీవితకాలం’ అంటే ఎవరి జీవితమో ముందుగా అడగవలసింది కాబోలు! 2022 ఏప్రిల్ నడుమ ఇన్‌స్టియాన్ సంస్థ కంప్యూటర్లు కనీసం ఒక ప్రకటన అయినా లేకుండా ఆగిపోయాయి. వాడకందారులే కొందరు కూడి జూన్ నాటికి ఆ సంస్థను కొని మళ్ళీ నడిపించారు. ఆ రెండు నెలలూ ఆ ఇళ్ళలో గోడమీది మీటలు చేతితో నొక్కితే పనిచేస్తూనే ఉన్నాయి. ఆ వస్తువును రూపొందించినవారిపట్ల నాకు గౌరవం కలిగింది ఈ ఒక్క విషయంలోనే.

మా ఇంటి సంగతి జరిగి నెల తిరక్కుండానే, 2024 జూలై 19న, క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సంస్థ పంపిన ఒక చిన్న ఫైలు ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. మన గడియారం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు ఫైలు వెలువడింది; 78 నిమిషాలలో ఉపసంహరించుకున్నారు. కాని అప్పటికే పడిపోయిన యంత్రాలలో చాలావాటి దగ్గరకు మనిషి నడిచివెళ్ళి, తన చేతితో ఆ ఫైలును తీసివేయవలసి వచ్చింది. ఆనాడు పత్రికలలో ఒక ఛాయాచిత్రం వచ్చింది. హైదరాబాదునుంచి కలకత్తాకు వచ్చే విమానపు ప్రయాణికుడొకరికి ఇచ్చిన బోర్డింగ్ పాస్ అది. పేరు, తేదీ, సీటు నెంబరు అన్నీ కలంతో రాసినవి. నా రెండు ఊళ్ళ పేర్లూ ఒకే చీటీమీద, చేతిరాతలో! చాలామంది దాన్ని చూసి నవ్వుకున్నారు. నాకు మాత్రం, ఆ కాగితపు పుస్తకాన్ని ఏ బీరువాలోనో పారవేయకుండా దాచినవారెవరా అనిపించింది.

కలకత్తాకు ఈ జాగ్రత్త కొత్తదేమీ కాదు. 1899 ఏప్రిల్ 17న ఇమామ్‌బాగ్ సందులో విద్యుత్ కేంద్రం ప్రారంభమయిననాటినుంచీ ఈ నగరం కరెంటు ఎరుగును. అది పోవడమూ ఎరుగును. నా బాల్యంలో ఇక్కడ ‘లోడ్‌షెడింగ్’ అనేది పసిపిల్లలు సైతం పలికే బెంగాలీ మాటగా మారింది. సాయంత్రం కాగానే అమ్మ లాంతరు చిమ్నీ తుడిచి, వత్తి కత్తిరించి, అగ్గిపెట్టెను దాని కుడిపక్కన పెట్టేది. ఎప్పుడూ కుడిపక్కనే. ఫాను తిరగడం ఆగిన మరునిమిషానికి చీకట్లో చెయ్యి దానంతటది అక్కడికి పోయేది. ఆ అమరికకు తలకాయ నగరం వెలుపల ఉండేది కాదు.

దీపాల ఏర్పాటును తీసివేయలేదు. దానివల్ల నాన్నగారికి కలిగిన సుఖం నిజమైనదే. ఇప్పుడు ఇటువంటివి కొనబోయే మిత్రులెవరైనా అడిగితే నాలుగు మాటలు చెబుతున్నాను: ఇంటర్నెట్టు తీగ పీకి, దీపాలు వెలుగుతాయో లేదో దుకాణంలోనే చూపించమనండి. ఎన్నేళ్ళు అప్‌డేట్లు ఇస్తారో కాగితంమీద అడగండి. (బ్రిటనులో 2024 ఏప్రిల్ 29నుంచి తయారీదారు ఆ గడువును ముందుగా వెల్లడించి తీరాలని చట్టం వచ్చింది. మన దేశంలో 2022 డిసెంబరులో ప్రభుత్వం ‘మరమ్మతు హక్కు’ పేరిట ఒక పోర్టలు తెరిచింది. వినియోగదారుల ఫిర్యాదులకు 1915 నెంబరు ఉన్నది.) అప్‌డేట్లు రాత్రివేళ కాక, మనిషి మేలుకొని ఉండే వేళ వచ్చేటట్టు మార్చుకునే వీలుంటే మార్చుకోండి. పెట్టెతో వచ్చిన అడాప్టరు మీద దాని పేరు రాసి ఉంచండి. ఇది అన్నిటికంటె చవకైన సలహా. నాకు అన్నిటికంటె ఖరీదుగా తెలిసివచ్చింది.

మరునాడు పట్టీలన్నీ పీకేశాను. జిగురు గుర్తులు ఇప్పటికీ పోలేదు. ఎలక్ట్రీషియనును పిలిపించి, మంచం పక్క గోడకు, ఏ పెట్టెతోనూ సంబంధం లేని ఒక చిన్న దీపాన్ని పాతకాలపు నల్లని గుండ్రటి స్విచ్చితో పెట్టించాను. ఆ స్విచ్చి కోసం కూడా చాందినీ చౌక్‌కే వెళ్ళాను. నాన్నగారు దాన్ని రెండు మూడుసార్లు వేసి ఆర్పి, ‘టక్’మన్న చప్పుడు విని తృప్తిపడ్డారు.

నేను వెళ్ళినప్పుడల్లా ఇప్పుడు ఒకటే ప్రశ్న.

“ఏమ్మా, నీ పెట్టెకు ఈ వారం మళ్ళీ ఏమైనా పాఠం చెప్పారా?”

చెప్పారని అంటే, ఆ రాత్రి పడుకునే ముందు ఒకసారి చెయ్యి చాచి, స్విచ్చి ఉన్నచోటనే ఉన్నదో లేదో తడిమి చూసుకుంటారు.